రెండు చేతులా నిమిరితే లెక్క సరిపోదు

ఇంట్లో రెండు కుక్కలున్నవాళ్లను గమనించండి. ఒకదాని తల మీద చెయ్యి వేయగానే రెండో చెయ్యి దానంతటదే రెండోదాని మీదికి వెళ్తుంది. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అన్న మాట పడకూడదని వాళ్ల తాపత్రయం. బిస్కెట్ ఇచ్చినా రెండింటికీ ఒకేసారి, వాకింగుకి తీసుకెళ్లినా రెండింటినీ ఒకేసారి. పిల్లి కూడా ఉంటే అది సోఫా వెనక నుంచి చూస్తుంటుంది. దాని వాటా రాత్రి అందరూ పడుకున్నాకే.

ఇలా ఎంత సమానంగా పంచినా వాటిలో ఏ ఒక్కదానికీ మీరు పూర్తిగా దొరకరు. ఏ ఒక్కటీ మీకు పూర్తిగా కనిపించదు కూడా, అసలు నష్టం అక్కడే. గుంపులో ఉన్న కుక్క చేసే పనుల్లో చాలా భాగం పక్కకుక్కను చూసి చేసేవే. ఒకటి మొరిగితే ఇంకోటి అందుకుంటుంది. ఏది భయపడి మొరిగిందో, ఏది తోడు కోసం మొరిగిందో విడదీసి చూస్తే తప్ప తెలియదు. అందుకే ఇక్కడ విడి సమయం అంటున్నది ముద్దు చేయడం ఒక్కదాన్నే కాదు. మిగతావి తలుపు అవతల ఉండగా ఒక్కదానితో గడిపే పది పదిహేను నిమిషాలు. ముద్దూ, శిక్షణా, ఒంటి తనిఖీ మూడూ అందులోనే జరిగిపోవాలి.

కుక్కలకు వాటాల పట్టింపు ఎంత?

2008లో వియన్నా విశ్వవిద్యాలయంలో ఫ్రీడరికె రాంగె బృందం ఒక ప్రయోగం చేసింది. కుక్కల్ని జంటగా పక్కపక్కన కూర్చోబెట్టి షేక్‌హ్యాండ్ ఇమ్మని అడిగారు. పక్కదానికి తినడానికి ముక్క పెడుతూ తనకేమీ పెట్టకపోతే ఆ కుక్క కాసేపటికి చెయ్యివ్వడం మానేసింది. కానీ ఒకదానికి సాసేజ్, రెండోదానికి రొట్టె ముక్క పెట్టినప్పుడు రెండూ మామూలుగానే చేశాయి.

ఇంట్లో పనికొచ్చే విషయం ఇందులో ఒకటుంది. ముక్క పెద్దదా చిన్నదా, మీరు గడిపింది పది నిమిషాలా పన్నెండా అని అవి తూకం వేయవు. పక్కదానికి దొరుకుతుంటే తన చెయ్యి ఉత్తదే అన్నది మాత్రం వాటికి తగులుతుంది. కాబట్టి గడియారం పెట్టుకుని సమానం చేయాల్సిన పని లేదు. అవతల ఎదురుచూసేదానికి ఏదో ఒకటి ఉండేలా చూస్తే చాలు.

ఇంకో పాత సలహా కూడా ఇప్పటికీ తిరుగుతోంది: ఇంట్లో లీడర్ కుక్క ఏదో కనిపెట్టి అన్నీ ముందు దానికే పెట్టాలని. దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ జంతుప్రదర్శనశాల తోడేళ్ల మీద రాసిన పరిశీలన. బంధుత్వం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో పెడితే కొట్టుకోవా మరి? అడవిలో మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1999లో వివరంగా రాశాడు. మందకు లీడర్ అన్న అర్థంలో ఆల్ఫా అన్న మాటను ప్రచారంలో పెట్టినవాళ్లలో ఆయనా ఒకడే, ఆయనే దిద్దుకున్నాడు. దూకుడుగా ఉన్నదానికి ముందు పెడుతూ పోతే లీడర్ తయారవదు, దూకుడు పెరుగుతుంది.

అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఇలాంటి ఇళ్లలో రోజూ నిజమవుతుంది. మూతితో చేతిని తోసే కుక్కకు చెయ్యి దొరుకుతుంది. కాళ్ల దగ్గర పడుకుని చూసేదాన్ని 'పాపం, బుద్ధిమంతురాలు' అంటాం, అంతటితో సరి. నెల తిరిగేసరికి తోసేది ఇంకా తోస్తుంది, రెండోది ఇంకా దూరం జరుగుతుంది. విడి సమయం ముందు మొదలుపెట్టాల్సింది ఆ రెండోదానితోనే.

గేటు పాఠం

విడిగా ఉంచడం చాలా ఇళ్లలో మొదటి రోజే బెడిసికొడుతుంది. ఒకదాన్ని బెడ్‌రూంలోకి తీసుకెళ్లి తలుపు వేయగానే రెండోది తలుపు గీకుతుంది, ఏడుస్తుంది. కింద ఫ్లాటువాళ్లు ఫోన్ చేస్తారు. దాంతో ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. తప్పు కుక్కది కాదు, ఎదురుచూడటం దానికెవరూ నేర్పలేదు.

చిన్నపిల్లల కోసం గుమ్మానికి బిగించే సేఫ్టీ గేటు ఒకటి కొనండి. చువ్వల్లోంచి ఒకటికొకటి కనిపిస్తుంటే గాభరా తగ్గుతుంది. విశాఖలో లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు లాంటి సముద్రం పక్క ఇళ్లలో మామూలు ఇనుప గేటు, ఇనుప బోను ఉప్పుగాలికి అతుకుల దగ్గర త్వరగా తుప్పు పడతాయి. అక్కడ కుక్క నాకుతుంది, పంటితో లాగుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్నదో, చెక్కదో తీసుకుంటే మేలు.

మొదట రెండింటిలో నెమ్మదైనదాన్ని గేటు అవతల ఉంచండి. గోల చేసేదాన్ని ముందు అవతల పెడితే దాని ఏడుపుకి ఇవతలిదీ పాఠం వినదు. గేటు వేసి, అవతలిదానికి ఒక ముక్క వేయండి. ఇవతలిదాన్ని కూర్చోమని చెప్పి దానికో ముక్క. మళ్లీ అవతలికి. ఐదు సెకన్లకో ముక్క చొప్పున అర నిమిషం, అంతే, గేటు తీసేయండి. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు. రెండు మూడు రోజులకు అవతలిదానికి వేసే విరామం పది సెకన్లు, తర్వాత ఇరవై. వారం దాటాక అవతలిదానికి నాకుతూ కూర్చునే వస్తువు ఇచ్చి రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు చేయండి. మూడు వారాల్లో పదిహేను నిమిషాలు చాలా కుక్కలకు సాధ్యమే.

నాకే వస్తువు అంటే కాంగ్ లాంటి బోలు రబ్బరు బొమ్మ. అందులో పోపు, ఉప్పు లేని పెరుగన్నం కూరి ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి. విశాఖ ఉక్కపోతలో బయటికి తీశాక పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వస్తుంది, సరిగ్గా మీకు కావలసినంతసేపు. ఈ బొమ్మ ఈ సమయంలో తప్ప దొరక్కూడదు. మామూలప్పుడు కూడా నేల మీద పడుంటే దాని విలువ పోతుంది.

మధ్యలో ఏడిస్తే? 'ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది' అనుకోకండి, దాంతో గేటంటేనే భయం పట్టుకుంటుంది. ఏడ్చిందంటే వ్యవధి ఎక్కువైందని అర్థం. కాస్త ఊపిరి తీసుకున్న క్షణాన గేటు తీసి, మర్నాడు సగం సమయానికి దిగండి.

దీనితోపాటే పేర్ల పాఠం. ఎక్కువ ఇళ్లలో 'దా, దా' అంటే అన్నీ వస్తాయి, పేరు పెట్టి పిలిచినా అన్నీ వస్తాయి, ఎందుకంటే ఏ పేరు పలికినా అందరికీ ఏదో దొరుకుతుంది. రెండింటినీ ఎదురుగా కూర్చోబెట్టి ఒక పేరు పలకండి, ఆ పేరుగలదానికే ముక్క. రెండు మూడు సెకన్లలో రెండోదాని పేరు, దాని ముక్క. పదిసార్లు చేసి ఆపేయండి. మధ్యలోకి వచ్చినదాన్ని తిట్టొద్దు, ముక్కను గుప్పిట్లో మూసేస్తే చాలు. అందరినీ పిలవడానికి 'పిల్లలూ' లాంటి వేరే మాట పెట్టుకోండి. రాజా, రోజా అని పేర్లు పెట్టినవాళ్లకు మాత్రం ఈ పాఠం రెట్టింపు కష్టం. ఒకదాని పేరు మార్చేసుకోవడమే సుఖం, కొత్త పేరుకు కుక్క వారం పది రోజుల్లో అలవాటుపడుతుంది.

నడక విడివిడిగానే

రోజూ కాకపోయినా వారానికి మూడు రోజులైనా ఒక్కోదాన్ని ఒంటరిగా తీసుకెళ్లాలి. ఇరవై నిమిషాలు చాలు. అందులో పది నిమిషాలు అది ఎక్కడ వాసన చూస్తే అక్కడ ఆగండి. జంటగా వెళ్లినప్పుడు బలమైనది లాగిన దిక్కుకే నడక, రెండోదానికి ముక్కు పెట్టే తీరికే ఉండదు.

ఆర్కే బీచ్‌కు రెండింటినీ ఒకే మనిషి తీసుకెళ్లడం మంచిది కాదు. అక్కడి కుక్కలు ఎదురుగా వస్తే రెండు తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. ఇరుక్కున్న కుక్క భయంతో పక్కనున్న తన జోడీనే కరుస్తుంది. ఎంవీపీ కాలనీ సెక్టార్ల లోపలి రోడ్లు ఇంతకంటే నయం. బీచ్‌కే వెళ్తే ఇంటి నుంచి నీళ్లు పట్టుకెళ్లండి, దాహానికి సముద్రపు నీళ్లు తాగిన కుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మే నెలలో పొద్దున ఆరున్నర లోపే ముగించేయాలి. సాయంత్రం బయల్దేరే ముందు అరచెయ్యి వెనక్కి తిప్పి రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఆగలేకపోతే దాని పాదమూ ఆగలేదు.

గిన్నె దగ్గర జరిగేది

'మావి ఒకే గిన్నెలో తింటాయండీ, ఎంత సఖ్యతో' అంటుంటారు. కాస్త దగ్గరగా చూడండి. ఒక కుక్క రెండు నిమిషాల్లో తన భాగం ఊడ్చేసి రెండోదాని పక్కకొచ్చి నిలబడుతుంది. గుర్రుమనదు, పళ్లు చూపించదు, ఊరికే నిలబడుతుంది. రెండోది తల కిందికి వంచి, తినే వేగం పెంచి, ఒక కంటితో పక్కకు చూస్తూ రెండు బుక్కలు మింగి, మెల్లగా తప్పుకుంటుంది. మీరు సఖ్యత అనుకుంటున్నది ఈ తప్పుకోవడాన్నే. తిండి గుమ్మానికి ఇటొకటి అటొకటి, ఒకదానికొకటి కనిపించకుండా పెట్టండి. పదిహేను నిమిషాలకు గిన్నెలు తీసి కడిగేశాకే తలుపు తీయండి. ఖాళీ గిన్నె కూడా గొడవకు కారణమవుతుంది.

విడిగా పెడితే ఎవరెంత తిన్నారో లెక్క తెలుస్తుంది. 8 కిలోల స్పిట్జ్‌కి రోజుకు సుమారు 450 నుంచి 500 కేలరీలు చాలు, అందులో చిరుతిళ్లు పదో వంతు మించకూడదు. ఒక మేరీ బిస్కెట్ దాదాపు 25 కేలరీలు. అంటే రోజు మొత్తానికి రెండు బిస్కెట్లు. పొద్దున టీతో అమ్మమ్మ ఇచ్చేది ఒకటి, స్కూలు నుంచి వచ్చి పిల్లాడు ఇచ్చేది ఒకటి, కోటా అయిపోయింది. అందుకే శిక్షణలో వాడే ముక్కలు దాని పూట తిండిలోంచే తీసి పక్కన పెట్టుకోవాలి.

పిల్లి తిండి ఎత్తు మీద, కుక్కకు అందని చోట ఉండాలి. కొవ్వు ఎక్కువున్న ఆ తిండిని కుక్క రోజూ కాజేస్తే పాంక్రియాస్ వాపు రావచ్చు. అలాగని పిల్లికి కుక్క తిండి పెట్టి సరిపెట్టకూడదు. పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం అందులో చాలినంత ఉండకపోవచ్చు, అది లోపిస్తే గుండె, కంటిచూపు దెబ్బతింటాయి. పిల్లికి బహుమతిగా ఉప్పు లేకుండా ఉడికించిన నెత్తళ్లు రెండు పెట్టవచ్చు. ఎండు నెత్తళ్లు వద్దు, అంతా ఉప్పే.

పిల్లులది వేరే లెక్క

కుక్క మీ దగ్గరికి రాలేకపోతే ఏడుస్తుంది. పిల్లి ఏడవదు, మాయమవుతుంది. రెండు పిల్లుల మధ్య పడకపోతే ఇంట్లో పోట్లాటే కనిపించకపోవచ్చు. ఒకటి హాలుకీ వెనక గదికీ మధ్య గుమ్మంలో తీరిగ్గా పడుకుంటుంది. రెండోది దాన్ని దాటి మలమూత్రాల కోసం పెట్టిన మట్టి పెట్టె (లిట్టర్ బాక్స్) దగ్గరికి వెళ్లలేక మంచం కిందే ఉండిపోతుంది, చివరికి పరుపు మీద పోస్తుంది. మనం రెండోదాన్ని తిడతాం.

మట్టి పెట్టెలు పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ: రెండు పిల్లులకు మూడు. పక్కపక్కన పెట్టిన రెండు పెట్టెలు పిల్లి దృష్టిలో ఒకటే, కాబట్టి వేరువేరు గదుల్లో పెట్టండి. పొడవు పిల్లి ఒంటికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇక్కడి గాలి తేమకు ఉదయం, సాయంత్రం రెండుసార్లు తీయకపోతే వాసన ఆగదు. డబుల్ బెడ్‌రూం ఫ్లాటులో మూడు పెట్టెలా అని విసుక్కుంటారు, నిజమే. బాల్కనీ ఒకదానికి వాడుకోవచ్చు, కానీ పావురాల కోసం కట్టే సన్నటి నైలాన్ వలను పిల్లి కొరికేస్తుంది. గట్టి మెష్ బిగించాకే అటు వదలండి.

పిల్లితో విడి సమయం రోజుకు రెండు విడతలు, ఒక్కోటి ఐదు నుంచి పది నిమిషాలు. కర్రకు దారం, దానికి ఈక. ఈకను పిల్లి ముఖం మీదికి తేకండి, వేట ఎదురొచ్చి మీద పడదు కదా. దూరంగా జరుగుతూ, కర్టెన్ వెనక సగం దాక్కుంటూ కదిలించండి. చివర్లో పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. ఒకేసారి రెండు పిల్లుల ముందు ఆడిస్తే దూకేది ఒకటే, రెండోది కూర్చుని చూస్తుంది. అది ఆటంటే ఇష్టం లేక కాదు, తలుపు వేసి చూస్తే తెలుస్తుంది.

నిమిరేటప్పుడు ఏ జంతువుకైనా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. దగ్గరికి జరిగితే కొనసాగించండి. కదలకుండా ఉంటే, పెదవులు నాక్కుంటే, తల తిప్పుకుంటే ఆపేయండి. పిల్లయితే తోక కొస కొట్టుకోవడం చూడండి. అన్నింటికీ సమానంగా ముద్దు పంచే ఇళ్లలో ఒక జీవికి అవసరానికి మించే అందుతుంటుంది.

ఒంటి తనిఖీ: వారానికి ఐదు నిమిషాలు

గుంపులో ఎవరి జబ్బు ఎవరిదో తెలియదు. పొద్దున బాల్కనీలో విరేచనం కనిపిస్తుంది, రెండు కుక్కలూ అమాయకంగా తోకలూపుతుంటాయి. ఒకదాని తిండిలో సన్నగా తరిగిన పచ్చి క్యారెట్ కలపండి. ఆ ముక్కలు సగం అరగకుండానే బయటికొస్తాయి, ఏది ఎవరిదో తేలిపోతుంది. పిల్లుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మగపిల్లి పదేపదే పెట్టెలోకి వెళ్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. మూడు పిల్లులు ఒకే పెట్టె వాడే ఇంట్లో ఇది ఎవరి కంటా పడదు. బొద్దుగా ఉన్న పిల్లి రెండు రోజులు తినకపోయినా కాలేయానికి ముప్పు. అందరికీ కలిపి గిన్నె నింపే ఇంట్లో అదీ కనిపించదు.

తనిఖీ తల నుంచి మొదలుపెట్టండి. పై పెదవి ఎత్తి చిగురు వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి. చెవులు లోపలా మడతల్లోనూ, మెడ పట్టీ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లతో తడమండి. గోమార్లు దాక్కునేది అక్కడే. మన దగ్గరి తేమకు అవి ఏడాది పొడవునా ఉంటాయి, గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి, ఎర్లికియా లాంటి జ్వరాలు మోస్తాయి. నీరసం, జ్వరం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్ష ఆలస్యం చేయొద్దు.

బరువు నెలకోసారి. కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి మీ బరువు తీసేయండి. పిల్లికి ఆ తూకం సరిపోదు. బుట్టలో పెట్టి సూట్‌కేసులు తూచే లగేజీ తూకానికి తగిలించండి, బుట్ట బరువు తీసేయండి. 4 కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో ఇరవయ్యో వంతు పోయినట్టు, కంటికి మాత్రం తెలియదు.

మందులు కూడా దేనివి దానికే. కుక్క మెడ మీద పోసే కొన్ని గోమారు మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి ఆ కుక్కను ఆనుకుని పడుకున్నా, దాని వెంట్రుకలు నాకినా వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. అమిట్రాజ్ స్నానమందూ పిల్లికి పడదు. రెండు రకాల జంతువులూ ఉన్న ఇల్లని డాక్టరుకు ముందే చెప్పి, రెండింటికీ ఇబ్బంది లేనిది రాయించుకోండి. జ్వరమని పిల్లికి పారాసెటమాల్ సగం మాత్ర వేసినా విషమే.

ముసలిదీ, పసిదీ

పదేళ్ల కుక్క ఉన్న ఇంటికి 'తోడుగా ఉంటుంది' అని రెండు నెలల కుక్కపిల్లను తేవడం మామూలే. తోడు ఎవరికన్నది వేరే మాట. ముసలిదానికి పిల్ల కంటపడని సమయం రోజుకు మూడు నాలుగు గంటలు కావాలి. చెవి కొరికితే గుర్రుమన్నందుకు దాన్ని కోప్పడొద్దు, ముందు కీళ్లనొప్పులు ఉన్నాయేమో చూపించండి. గుర్రుమనకుండా నోరు మూయిస్తే తర్వాతి మెట్టు కాటే. ఒకే ఈతలో రెండు పిల్లల్ని తెచ్చినవాళ్లకు పని ఇంకా ఎక్కువ. నడక, నిద్ర, శిక్షణ మొదటి రోజు నుంచీ వేరుగా జరగాలి. లేకపోతే ఒకటి ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండాల్సొస్తే రెండోది ఇంట్లో తిండి మానేస్తుంది.

పిల్లుల్లో ఒకటి ఆసుపత్రికి వెళ్లి వస్తే కథ తిరగబడుతుంది. దాని ఒంటి నిండా మందుల వాసన, ఇంట్లోది గుర్తుపట్టక బుసకొడుతుంది. వచ్చినదాన్ని వేరే గదిలో ఆ రాత్రంతా ఉంచి, అది పడుకున్న గుడ్డను రెండోదానికి వాసన చూపించి, మర్నాడు తిండి వేళకు కలపండి. ఎవరి బుట్ట వాళ్లకే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినట్టు తుపాను వచ్చి ఉన్నపళాన కదలాల్సొస్తే, బెదిరిన రెండు పిల్లుల్ని ఒకే బుట్టలో కుక్కడమంటే చీరుకోమని చెప్పడమే. బుట్టను మామూలు రోజుల్లోనూ మూత తీసి నేల మీదే ఉంచి, అందులోనే తిండి పెడుతుంటే భయం పోతుంది.

రోజులో ఎక్కడ ఇరికించాలి?

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ రెండు కుక్కలు, ఒక పిల్లి ఉన్న ఇల్లు తీసుకుందాం. పొద్దున ఐదున్నరకు ఒక కుక్కతో ఒకరు ఇరవై నిమిషాల నడక. అదే సమయంలో రెండోది ఇంట్లో ఇంకొకరితో పేర్ల పాఠం, తిండి. మర్నాడు అటుది ఇటు. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో ఎవరినీ పలకరించకండి. ఆ ఇరుకులో, ఆ ఉత్సాహంలోనే ఎక్కువ పోట్లాటలు జరుగుతాయి. బ్యాగు పెట్టి, కాళ్లు కడుక్కుని, హాలు మధ్యకొచ్చాక పలకరించండి. ఏడున్నరకు ఒక కుక్కకు గడ్డకట్టిన పెరుగన్నం, ఇంకోదానితో గేటు ఇవతల పది నిమిషాలు, తర్వాత తారుమారు. రాత్రి తొమ్మిదికి బెడ్‌రూం తలుపు వేసుకుని పిల్లితో ఈక ఆట, దాని మొదటి విడత పొద్దునే అయిపోవాలి. ఆదివారం తనిఖీలు. అన్నీ కలిపి రోజుకు యాభై నిమిషాల నుంచి గంట, అదీ ఇద్దరు పంచుకుంటే.

నిజంగా పోట్లాట మొదలైతే చేతులు మధ్యలో పెట్టకండి. కుర్చీ అడ్డం పెట్టండి, తడిదుప్పటి మీద వేయండి, స్టీలు పళ్లెం నేలకేసి కొట్టండి. విడిపోయాక వేరు గదుల్లో ఉంచి గాయాలు చూడండి. వెంట్రుకల కింద పంటి గాటు చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల లోతుగా ఉండి రెండు రోజుల్లో చీము పడుతుంది.

వారానికో రోజు ఇదంతా తప్పిపోతుంది. కరెంటు పోతుంది, ఊరి నుంచి చుట్టాలొస్తారు, వాన తెరిపివ్వదు. మర్నాడు రెట్టింపు సమయమిచ్చి సర్దుకోవాలని చూడకండి, ముప్పై నిమిషాలు ఎదురుచూడటం అవతలిదానికి ఇంకా చేతకాదు. నిన్న ఎవరి వంతు పోయిందో దానితోనే ఈరోజు మొదలుపెట్టి, మిగతాది ఎప్పటిలాగే నడపండి.